హిసాయె కరిగించిన మంచు

ఆ రోజు హిసాయె చివరగా గడప దాటి చేసిన పని నల్లగుడ్డను చలిలో ఆరేయడం.

క్షవరానికి కూర్చున్నవాళ్ళ మెడ చుట్టూ కట్టే గుడ్డ అది. అంచులు చీకిపోయి, మనుషుల మీద వేయడానికి పనికిరాకుండా పోయాక దాన్ని మంచు పట్టడానికి ఉంచుకుంది. గుడ్డ వెచ్చగా ఉంటే మంచుపువ్వు వాలీ వాలగానే చెమ్మ అయిపోతుంది. అందుకని మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే తీసుకెళ్ళి చూరు కింద తాడు మీద వేసి, రెండు పక్కలా క్లిప్పులు పెట్టి వచ్చేది. గడ్డానికి సబ్బు రాసే పాత బ్రష్షును గుమ్మం పక్క మంచుగుట్టలో గుచ్చేది. సాయంత్రానికి గుడ్డ అట్టలా బిగుసుకునేది. ఆమె దగ్గర చాలా సామాను రెండు జతలుండేది. ఒక జత పొయ్యి పక్కన, ఒక జత మంచులో. పొయ్యి పక్కది మనుషులకు, మంచులోది మంచుకు.

గుడ్డ ఆరేసి లోపలికి వచ్చి, బూట్లు నేలకేసి దులిపి, "ఏమండీ, గాలి పడిపోయింది" అంది. "సాయంత్రం మంచి మంచు పడుతుంది. మీ పనులేమైనా ఉంటే ఇప్పుడే కానిచ్చుకోండి."

"నా పనేముంది, కూచోవడమేగా."

"ఆ కూచోవడమే మీకు సరిగ్గా చేతకాదు."

కెటిల్ పొయ్యి మీద పెట్టింది. పొద్దున ఒసనాయి బాబాయ్‌కి గడ్డం గీసిన కత్తిని తుడిచి పెట్టెలో సర్దింది. తర్వాత గిరాకీలు కూర్చునే కుర్చీలో తను కూర్చుంది. కాళ్ళు నొప్పి పుట్టినప్పుడు అలా కూర్చోవడం ఆమెకు అలవాటే. నేను కిటికీ కింది బల్ల మీద ప్రూఫులు దిద్దుతున్నాను. కెటిల్ ఈల వేయడం మొదలుపెట్టింది. అది ఆగకపోయేసరికి తలెత్తాను.

డాక్టరు వచ్చి, తలలో నరం చిట్లిందని, ఆమెకు తెలిసి కూడా ఉండదని చెప్పాడు. బయట మంచు మొదలైంది. గాలి లేదు. పెద్ద పెద్ద పువ్వులు, ఒక్కొక్కటీ విడివిడిగా దిగుతున్నాయి. నల్లగుడ్డ వాటిని పట్టుకుంటూనే ఉంది.

*

మా వీధిలో చావు వస్తే ఇంటివాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. మిగతాదంతా వీధివాళ్ళ పని. వీధిపెద్ద నిమియా, బియ్యం కొట్టు అతను, మెడ చుట్టూ తువ్వాలుతో పొద్దుగూకక ముందే వచ్చేశాడు. వెనకాల ఆడవాళ్ళు అన్నం ముద్దలు, ఊరబెట్టిన క్యాబేజీ పట్టుకుని వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"అన్నయ్యా, మీరు లేవకండి" అన్నాడు నిమియా. "పొయ్యి, టీ, వచ్చినవాళ్ళ చెప్పులు సర్దడం, అంతా మేం చూసుకుంటాం. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. వదిన ఫొటో ఒకటి తీసి పెట్టండి. రేపు మొదటి రైలుకి ఎవరో ఒకరు అసహికవా పట్నం తీసుకెళ్ళి పెద్దది చేయించుకొస్తారు. సాయంత్రం వదిన దగ్గర జాగారానికి పూలపీఠం మీద ఉండాలి."

"చూస్తాను."

"ఎదురుగా చూస్తున్నది ఉండాలి. ముఖం తెలిస్తే చాలు. అంతే."

అంతే అన్నాడు గానీ, ఆ అంతే నాకు దొరకలేదు.

ఇంటినిండా ఫొటోలే. బీరువాలో, పరుపుల అరలో, మెట్ల కింద, బిస్కెట్ల రేకు డబ్బాల నిండా ఫొటోలు. ఏ డబ్బా మూత తీసినా మంచు. ఆరు కొమ్మలు విచ్చుకున్న పువ్వు, ఆ పక్కదాంట్లో కొమ్మల కొసలు మొద్దుబారిన పువ్వు, ఆ పక్కదాంట్లో నడుము మాత్రం మిగిలిన పువ్వు, చివరికి ఒక నీటిబొట్టు. ఒక్కొక్క మంచుపువ్వుకీ ఒక వరస. మనిషన్నవాడు లేడు.

మా ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళు చాలామంది పీఠం మీదికి కావలసిన ఫొటో బతికుండగానే తీయించుకుని బీరువాలో పెట్టుకుంటారు. స్టూడియోకి వెళ్ళేముందు హిసాయె దగ్గరికి వచ్చి తల బాగుచేయించుకునేవాళ్ళు. "చూసి చెయ్యమ్మా, ఈ క్షవరం చాలాకాలం నిలవాలి" అని వాళ్ళంటే, "నిలుస్తుంది లెండి, ఫొటోలో జుట్టు పెరగదుగా" అని ఈమె. ఊరందరి తలలూ ఆఖరి ఫొటోకి సిద్ధం చేసిన మనిషి తన ఫొటో సంగతి తలుచుకోలేదు. పెళ్ళి ఫొటో ఉంది. అందులో తెల్లటి పెళ్ళిముసుగు, దాని కింద వంచిన గడ్డం. క్షురకుల సంఘం వేడినీటి బుగ్గలకి వెళ్ళినప్పుడు తీసినవి ఉన్నాయి. అవన్నీ తీసింది ఆమే. ఇక మిగిలింది గోడ మీద అద్దం పక్కన వేలాడుతున్న లైసెన్సు. దాని మూల మీద తపాలా బిళ్ళంత ఫొటో. ఇరవై ఏళ్ళ పిల్ల, పెదవులు బిగబట్టి, పరీక్ష రాయబోతున్నట్టు చూస్తోంది.

ఆ పిల్ల ఇంటికి నేను ఇల్లరికం వచ్చాను. షాపు వాళ్ళ నాన్నది. నేను ఊళ్ళో ఉన్న చిన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. "అక్షరాలు దిద్దేవాడట, తల మాత్రం దువ్వుకోడు" అని మామగారు పెళ్ళిచూపుల్లోనే అన్నాడు. హిసాయె చాప మీద నుంచి లేచి, మాట్లాడకుండా దువ్వెన తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళింది. అలా ఒప్పుకున్నట్టని తర్వాత చెప్పింది. మాకు పిల్లలు కలగలేదు. మామగారు పోయాక షాపు ఆమెది, కిటికీ కింది బల్ల నాది అయింది.

మంచు ఫొటోల పిచ్చి మందులషాపు కుదో గారి వల్ల మొదలైంది. ఆయన ఊరి కెమెరా సంఘానికి పెద్ద. శీతాకాలం ఊళ్ళో చేయడానికి పనేముంటుంది, మంచును తిట్టడం తప్ప. తిట్టేదాన్ని దగ్గర్నుంచి చూడండి అని ఆయన అందరికీ నేర్పాడు. ఒకరోజు క్షవరానికి వచ్చి, హిసాయె చేతిలో కత్తి వణక్కపోవడం చూసి, "అమ్మాయ్, నీ చెయ్యి మంచుకి పనికొస్తుంది" అన్నాడు. పాత కెమెరా ఒకటి, దాని ముక్కుకి తిరగేసి బిగించుకునే లెన్సు ఒకటి ఇచ్చాడు.

సంఘంలో అందరిదీ ఒకటే పద్ధతి. చల్లబడిన గుడ్డ మీద పువ్వును పట్టడం, ఊపిరి బిగబట్టడం, అది కరిగేలోగా మీట నొక్కడం. ఊపిరి తగిలితే పువ్వు పోతుంది. కుదో గారి పువ్వులు చూడాలి, ఆరు కొమ్మలూ కొలిచి కత్తిరించినట్టుండేవి. హిసాయె కొన్నాళ్ళు అలాగే తీసింది. ఆ తర్వాత పద్ధతి మార్చేసింది.

షాపు మూశాక, పొద్దుగూకే వేళ, వీధిలో మంచుగుట్ట మీద వెదురుపుల్ల పాతి, దాని కొసకి బ్రష్షులోంచి లాగిన ఒక్క వెంట్రుకను కట్టేది. గడ్డం గీసేటప్పుడు పెట్టుకునే తెల్లగుడ్డనే మూతికి కట్టుకునేది, ఊపిరి తగలకుండా. నల్లగుడ్డ మీద వాలిన పువ్వుల్లోంచి ఒకదాన్ని ఎంచి, వెంట్రుక కొసకి అందించేది. అది అక్కడ అంటుకుని వేలాడేది. కెమెరా పుల్లకి అవతల, మా కిటికీ వైపు తిరిగి ఉండేది. కిటికీ లోపల దీపం, దీపం పక్కన బల్ల, బల్ల మీద నేను. అంతా కుదిరాక మూతిగుడ్డ కిందికి లాగి, అద్దం తుడవబోయే ముందు ఊదినట్టు, పువ్వు మీద మెల్లగా ఊపిరి వదిలేది. పువ్వు కరుగుతుంటే ఒకదాని తర్వాత ఒకటి తీసేది, బొట్టు అయ్యేదాకా. బొట్టు రాలిపోయేలోపు ఆఖరిది.

సంఘం సమావేశంలో ఆమె ఫొటోలు గోడకి పెడితే కుదో గారు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"నువ్వు ఎప్పుడూ బస్సు వెళ్ళిపోయాక స్టాండుకి వస్తావమ్మా" అన్నాడు.

అందరూ నవ్వారు. "నా బస్సు మాత్రం ఎప్పుడూ వేళకే వెళ్ళేది" అన్నాడు ఒసనాయి బాబాయ్. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. కెమెరా లేకపోయినా సమావేశంలో టీ ఇస్తారని వచ్చేవాడు.

"బస్సు వెళ్ళిపోయాకే కదా గురువుగారూ, ఎదురింటి వాళ్ళు కనిపించేది" అంది హిసాయె.

కుదో గారు ఆ మాట పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. జవాబు బాగుందని మాత్రం అనుకున్నాను. ఇంటికి నడిచి వస్తూ, కరగకుండా కూడా తీయవచ్చుగా, ఆయన సంతోషపడతాడు అన్నాను.

"బొట్టు అందంగా ఉంటుందండీ. బాగా గీసిన గుండులాగా. ఎక్కడా కోణముండదు."

"నన్నొకటి తీయరాదూ, కోణాలున్నా సరే."

"మీరు కరగరుగా."

"ఎప్పుడో ఒకప్పుడు కరుగుతాను."

"అప్పుడు చూద్దాం లెండి" అని నా టోపీ చెవుల మీదికి లాగింది.

ఆ సాయంత్రాల్లో లోపల నా పని కదలకుండా కూర్చోవడం. వెలుగు కావాలి కాబట్టి దీపం, దీపానికి కాపలా నేను అనుకునేవాణ్ణి. లోపలి నుంచి బయట ఏమీ కనిపించదు, చీకటిపడ్డ గాజు మీద నా ముఖమే. ఎప్పుడైనా టీ కోసం లేస్తే కిటికీ మీద వేలితో టకటకమని కొట్టేది. "కదలకండి. వెలుగు చెదురుతోంది." మళ్ళీ కూర్చునేవాణ్ణి. వీపు దురద పెట్టినా, ముక్కు కారినా ఓర్చుకునేవాణ్ణి. ఆమె కళకి నేను చేయగలిగింది ఇదొక్కటే కదా అని, ఒక రకమైన గర్వం కూడా ఉండేది. తర్వాత లోపలికి వచ్చి, గడ్డకట్టిన రెండు చేతులూ నా మెడ మీద పెట్టేది. నేను కెవ్వుమంటే, "గిరాకీలకి వెచ్చటి చేతులు, మీకు ఈ చేతులు, ఇల్లరికం వచ్చినందుకు" అనేది.

ఫొటోలు తనే కడిగేది, స్నానాలగదిలో, ఎర్రదీపం పెట్టుకుని. పోస్టుకార్డు కన్నా పెద్దవి ఎప్పుడూ చేయలేదు. కాగితం ఖరీదని నేననుకున్నాను. డబ్బాలో పెట్టేసేది. ఒక్క బొట్టు ఫొటో మాత్రం పళ్ళు తోముకునే చోట అద్దం మూల గుచ్చి ఉండేది. కొత్తది వస్తే పాతది తీసి డబ్బాలో వేసేది. పళ్ళు తోముకుంటూ దాన్ని చూసి, నన్ను చూసి, నురగ నోటితోనే నవ్వేది. ఏమిటంటే చెప్పేది కాదు.

*

లైసెన్సును గోడ మీంచి దించి నిమియా చేతికి ఇచ్చాను. అప్పటికి ఒసనాయి బాబాయ్, కుదో గారు కూడా వచ్చి పొయ్యి చుట్టూ కూర్చున్నారు. పక్కగదిలో హిసాయె పడుకుని ఉంది, ముఖం మీద తెల్లగుడ్డ, తల దగ్గర అగరుబత్తి.

నిమియా ఫొటోను దీపానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "వదినేనా ఇది?"

"ఇరవై ఏళ్ళప్పుడు."

"వయసు సంగతి కాదు అన్నయ్యా. మచ్చ ఇటుందేమిటి?"

హిసాయె చెంప మీద మినపగింజంత పుట్టుమచ్చ ఉండేది. ఒసనాయి బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని చూసి, "తిరగేసి అచ్చు వేశారురా" అని తేల్చేశాడు. "మచ్చ ఈ పక్కన కాదు. ఆ పక్కన. నేనీ కుర్చీలో కూచున్నన్నాళ్ళు నువ్వు బడిలో కూడా కూచుని ఉండవు. నాకు తెలీదా?"

"నేనూ అదే అంటున్నాను, ఆ పక్కనే" అన్నాడు నిమియా. కుదో గారు తన చెంప మీద వేలు పెట్టుకుని చూసుకుని, అవునన్నట్టు తలూపాడు. వంటింట్లోంచి టీ తెచ్చిన ఇద్దరు ముగ్గురిని అడిగితే మగవాళ్ళంతా ఆ పక్క, ఆడవాళ్ళంతా ఈ పక్క.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "బాబాయ్, మీరంతా ఆమెను అద్దంలో చూశారు" అన్నాను.

ఒసనాయి బాబాయ్ లేచి వెళ్ళి, క్షవరం కుర్చీలో కూర్చుని, ఎదుటి అద్దంలోకి చూశాడు. తన వెనక ఖాళీగా ఉన్న చోటును కాసేపు చూశాడు.

"ఇక్కణ్ణించి ఆ పక్కనే" అన్నాడు.

"అయితే తిప్పి అచ్చు వేయిద్దాం" అన్నాడు నిమియా. "స్టూడియోలో చెబితే చిటికెలో పని. ఊరందరికీ తెలిసిన ముఖం అదే కదా. రేపు వచ్చేదంతా షాపుకొచ్చినవాళ్ళేనాయె."

"తిప్పితే నాకు తెలిసిన మనిషి కాదు" అన్నాను.

గొంతు పెంచలేదు. అయినా పొయ్యిలో బొగ్గు సర్దుతున్న నిమియా చెయ్యి ఆగింది.

"నిజమేరా" అన్నాడు ఒసనాయి బాబాయ్ కుర్చీలోంచే. "రోజూ భోజనానికి ఎదురుగా కూచున్నది నువ్వు. నీకు అటు, మాకు ఇటు. తిప్పకపోతే మాకు కాదు, తిప్పితే నీకు కాదు. చూడబోతే ఆవిడ ముఖం ఎవరికీ పూర్తిగా ఇవ్వకుండా పోయింది."

"ముఖం మానేద్దాం" అన్నాడు కుదో గారు. "ఆవిడ తీసిందే ఒకటి పెడదాం."

"పీఠం మీద మంచు బొమ్మా? గుళ్ళోంచి వచ్చే గురువుగారు ఏమంటారో" అన్నాడు నిమియా.

"ఆయన గుండు గీసింది ఎవరు? ఏమీ అనడు."

పళ్ళు తోముకునే చోటికి వెళ్ళి అద్దం మూల ఉన్న ఫొటో తీసుకొచ్చాను. బొట్టు. చుట్టూ నలుపు, నడుమ వెలుగు, వెలుగులో ఏదో మసక. డబ్బాలో దాని ఫిల్ము వెతికి కుదో గారికి ఇచ్చాను. ఆయన దాన్ని దీపానికి ఎదురుగా పట్టి, "మళ్ళీ బస్సు వెళ్ళిపోయాకే" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయనే ముక్కు చీదుకున్నాడు. పొద్దున మొదటి రైలుకి తనే వెళ్ళాడు.

*

తిరుగు రైలు ఆలస్యమైంది. కుదో గారు ఫ్రేము తువ్వాళ్ళలో చుట్టుకుని వచ్చేసరికి గుడి గురువుగారు వచ్చి కూర్చున్నారు, జనం షాపు దాటి వీధిలోకి వరస కట్టారు. నిమియా హడావిడిగా తువ్వాళ్ళు విప్పి, పైన నల్లరిబ్బను కట్టి, పూల మధ్య నిలబెట్టాడు. తలకాయ కన్నా పెద్ద బొట్టు. వేలాడే వెంట్రుక ఫ్రేములోకి రాలేదు, గుండ్రటి వెలుగు మాత్రమే ఉంది. పీఠం మీద అది ఎలా ఉంటుందోనని భయపడ్డాను గానీ, బాగుంది. జనం వస్తున్నారు, వంగుతున్నారు, సాంబ్రాణి పొడి చిటికెడు నిప్పు మీద వేస్తున్నారు, నావైపు తిరిగి తల వంచి వెళుతున్నారు. గురువుగారు మంత్రాలు చదువుతూనే ఉన్నారు.

ఒసనాయి బాబాయ్ వంతు వచ్చింది. చిటికెడు పొడి తీసుకుని, ఫొటో వైపు చూసి, అలాగే ఉండిపోయాడు. ఇంకా దగ్గరికి వంగాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"ఒరే ర్యోసకూ" అన్నాడు నావైపు తిరిగి. "ఇందులో ఉన్నది నువ్వే కదరా."

వరస ఆగిపోయింది. మోకాళ్ళ మీద జరిగి పీఠం దగ్గరికి వెళ్ళాను. బొట్టులో మా కిటికీ ఉంది. కిటికీలో దీపం ఉంది. దీపం పక్కన బల్ల మీద ముక్కుకి కాగితం ఆనించుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పోస్టుకార్డులో మసక చుక్కగా ఉన్నవాడు, ఇంత పెద్దది చేసేసరికి చెవులతో సహా కనిపిస్తున్నాడు.

వెనకనుంచి కుదో గారి గొంతు వినబడింది. "తలకిందులుగా పెట్టావేమయ్యా నిమియా." ఆయన తెల్లబోయి లేచి వచ్చాడు. "బొట్టులో ఏదైనా తలకిందులుగానే పడుతుంది. నువ్వు ఫ్రేమును తలకిందులు చేసేసరికి..." మాట పూర్తిచేయకుండా ఫొటో వైపు చూశాడు. ఎన్ని సమావేశాల్లో ఆ బొట్లను గోడ మీద చూసి ఉంటాడో.

నిమియా ముఖం పాలిపోయింది. బతికున్న మనిషి ఫొటోకి నల్లరిబ్బను కట్టాడు తను. "అన్నయ్యా, క్షమించండి, చూసుకోలేదు, మంచిది కాదిది, తిప్పేస్తాను" అంటూ ఫ్రేము మీద చెయ్యి వేశాడు. తిప్పితే మళ్ళీ ఎవరికీ ఏమీ కనిపించదు, ఉత్త బొట్టు.

ఒసనాయి బాబాయ్ అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనీరా. పోయినవాళ్ళ ముఖం మనం చూడ్డానికని పెడతాం. ఆవిడ చూడ్డానికని ఒకటి పెడితే తప్పేముంది?"

నిమియా గురువుగారి వైపు చూశాడు. గురువుగారు చదవడం ఆపకుండానే, నున్నటి తల ఒకసారి ఊపారు. అది సరేననడమో, తాళమో తెలియలేదు. నిమియా చెయ్యి తీసేశాడు. రిబ్బను మాత్రం విప్పి జేబులో పెట్టుకున్నాడు.

దహనం అయ్యాక మర్నాడు చూరు కిందికి వెళ్ళి నల్లగుడ్డ దించాను. రాత్రి గాలి దుమారానికి ఒక క్లిప్పు ఎగిరిపోయింది. గుడ్డ మడత పెడితే విరిగేలా ఉంది. దాన్ని పొయ్యి దగ్గరికి తీసుకురావాలనిపించక, మంచుగుట్టలో బ్రష్షు పక్కన నిలబెట్టి వచ్చాను. వసంతం దాకా అక్కడే ఉంది.

కుదో గారు డబ్బాలన్నీ తీసుకెళ్ళాడు. ఆయన దుకాణం వెనకగదిలో పెద్దవి చేసే యంత్రం ఉంది. ఒక్కొక్క వరసలో ఆఖరి బొట్టును పెద్దది చేసి, నలభై తొమ్మిదో రోజు పూజకి ఒక మూట పట్టుకుని వచ్చాడు. అన్నీ తలకిందులు చేసి, నేను నిటారుగా కనిపించేలా పేర్చి పెట్టాడు.

"దీపం స్టూలు మీద ఉండేది కదా?" అని అడిగాడు టీ తాగుతూ.

"స్టూలు మీదే. నేను ముట్టుకునేవాణ్ణి కాదు. కదిలితే మాత్రం వెలుగు చెదురుతోందనేది."

"మరి నువ్వు కదిలితే వెలుగు ఎందుకు చెదురుతుందయ్యా?"

ఆయన వెళ్ళిపోయాక మూట విప్పాను. అడుగునున్న వాటిలో నా జుట్టు నల్లగా, దువ్వని జుట్టు, నిక్కబొడుచుకుని ఉంది. పైకి వస్తున్నకొద్దీ పలచబడింది. ఆ జుట్టంతా కత్తిరించింది ఆమే, ఫొటో తీసిందీ ఆమే. ఒకదాంట్లో ముక్కు తుడుచుకుంటున్నాను, సగం చెయ్యి చెదిరిపోయింది. ఒకదాంట్లో బల్ల మీద ఎవరూ లేరు, దీపం ఒక్కటే. అది టీ కోసం లేచిన రోజై ఉంటుంది. మధ్యలో ఒకదాంట్లో ప్రూఫులు ఒళ్ళోకి జారిపోయి, తల గోడకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను.

ఆ రోజు నాకు గుర్తుంది. మెడ మీద మంచుచేతులు పడితే ఉలిక్కిపడి లేచాను. కాపలా కాయకుండా నిద్రపోయానని తిడుతుందనుకున్నాను. హిసాయె చేతులు తీయకుండా, "ఇవాళ చాలా బాగా వచ్చిందండీ" అంది. "మీరు అసలు కదల్లేదు."